గుట్ట ఎక్కుదామా? వరంగల్ చుట్టుపక్కల దోస్తులతో గుట్టలకు పోయేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

శుక్రవారం రాత్రి పది దాటాక మా వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు "ఆదివారం ఏదన్నా గుట్టకు పోదామా?" అని పెడతారు. ఆ తర్వాత అరగంటలో వచ్చే ప్రశ్నలు ప్రతిసారీ దాదాపు అవే. కొత్తగా చేరినవాళ్లకు టైప్ చేసి చేసి వేళ్లు నొప్పి పుట్టి, జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను. వరుసగా చదవక్కర్లేదు, మీ డౌటు ఎక్కడుంటే అక్కడికే పోవచ్చు. మేం హిమాలయాలు ఎక్కినవాళ్లం కాదు. హనుమకొండలో పొద్దున బయల్దేరి రాత్రి భోజనానికి ఇంటికి చేరే బాపతు. అలాంటివాళ్ల కోసమే ఇది.

## ఇంకా అనుకుంటున్నప్పుడు

ఇంతవరకు ఒక్క గుట్ట కూడా ఎక్కలేదు. మొదటిసారి ఎక్కడికి పోతే బాగుంటుంది?

ఊళ్లోనే మొదలుపెట్టండి. హనుమకొండలో పద్మాక్షి గుట్ట, అగ్గలయ్య గుట్ట ఉన్నాయి. రెండిటి మీదా జైనుల కాలం నాటి శిల్పాలు చూడొచ్చు. కాజీపేట దాటాక మడికొండ దగ్గర మెట్టుగుట్ట ఉంది, పైన రామలింగేశ్వరుడి గుడి, పక్కనే గుండు మీద గుండు పేర్చినట్టు నిలబడ్డ రాళ్లు. ఇవి గంటా రెండు గంటల పని. ఇక్కడ ఆయాసపడకుండా ఎక్కి దిగగలిగితే తర్వాత పాండవుల గుట్ట పెట్టుకోండి. కరీంనగర్ వైపు వాళ్లకు ఎలగందుల ఖిల్లా ఉంది, దారి స్పష్టంగా ఉంటుంది, తప్పిపోయే భయం లేదు. పెద్దపల్లి జిల్లా రామగిరి ఖిల్లా మాత్రం పొద్దంతా తీసుకుంటుంది. మొదటి ఆదివారమే దాని జోలికి పోకండి.

పాండవుల గుట్టలో అంతగా ఏముందని అందరూ అక్కడికే పోతారు?

హనుమకొండ నుంచి పరకాల, రేగొండ మీదుగా సుమారు 50 కిలోమీటర్లు. భూపాలపల్లి జిల్లా. మన చుట్టుపక్కల ఎక్కువగా కనిపించేవి నల్లటి గుండ్రటి గుండ్లు. ఇక్కడిది ఇసుకరాయి. పొరలు పొరలుగా, నిటారుగా, గోడ కట్టినట్టు ఉంటుంది. అందుకే తాళ్లతో రాక్ క్లైంబింగ్ చేసేవాళ్లు కూడా ఇక్కడికి వస్తారు. అసలు విశేషం ఆ రాళ్ల కింది నీడల్లో ఉంది. రాతియుగపు మనుషులు ఎర్రమట్టి రంగుతో వేసిన జంతువులు, గుర్తులు. ఇవి 1990లో వెలుగులోకి వచ్చాయి. తర్వాతి కాలాలవాళ్లు కూడా అవే గోడల మీద బొమ్మలు వేసుకుంటూ పోయారు, పాండవులవి సహా.

గొంతెమ్మ గుట్ట, ముంగిస బండ, తుపాకుల గుండు అని ఒక్కో చోటికి ఒక్కో పేరు. గొంతెమ్మ అంటే కుంతీదేవే, గొంతెమ్మ కోరికల్లోని గొంతెమ్మ. బొమ్మలు ఏ మూల ఉన్నాయో తెలిసినవాళ్లు లేకుండా పోతే వాటి పక్క నుంచే నడిచి, ఏమీ చూడకుండా వస్తారు. మేం మొదటిసారి చేసింది అదే. రెండోసారి ఊరి కుర్రాణ్ని వెంట తీసుకెళ్తే అరగంటలో నాలుగు చోట్లు చూపించాడు. బొమ్మల మీద చెయ్యి పెట్టకండి, బాగా కనబడాలని నీళ్లు చల్లకండి. ఆ రంగు మనకంటే వేల ఏళ్లు పెద్దది.

ఏ నెలల్లో పోవాలి? వానాకాలంలో పచ్చగా ఉంటుంది కదా?

దీపావళి నుంచి శివరాత్రి దాకా. సెప్టెంబరు చివర్లో, అక్టోబరులో కూడా పోవచ్చు, సీతాఫలాలు దొరుకుతాయి, కాకపోతే గడ్డి నడుము ఎత్తు ఉంటుంది కాబట్టి కాలు ఎక్కడ పెడుతున్నామో కనబడదు. వానాకాలం ఫొటోలు బాగుంటాయి, ఒప్పుకుంటాను. కానీ నాచు పట్టిన బండ సబ్బు రాసినట్టు ఉంటుంది, పొద్దున చీలమండ లోతున్న ఒర్రె సాయంత్రానికి నడుము దాటుతుంది. ఏప్రిల్, మే అసలే వద్దు. మన దగ్గర ఎండ 43, 44 డిగ్రీలకు పోతుంది, బండ ఇంకా ఎక్కువ కాలుతుంది. చెట్లకు ఆకులు కూడా ఉండవు, నీడ ఎక్కడిది?

బొగత, ముత్యాలధార జలపాతాలకు అడవిలో నడిచి పోతున్నారట. మేమూ పోవచ్చా?

రెండూ ములుగు జిల్లావే అయినా రెండిటికీ పోలిక లేదు. వాజేడు మండలంలోని బొగత దగ్గరికి బండి పోతుంది, అటవీశాఖ టికెట్ ఉంటుంది, రైలింగులు ఉంటాయి. దాన్ని నడక అనలేం. వరద ఉన్నప్పుడు నీళ్లలోకి దిగనివ్వరు, దిగనివ్వకపోవడమే మంచిది.

వెంకటాపురం మండలం వీరభద్రవరం దగ్గరి ముత్యాలధార అలా కాదు. అడవిలో నడవాలి, మధ్యలో వాగు దాటాలి. 2023 జూలైలో పదుల సంఖ్యలో పర్యాటకులు జలపాతం చూసి తిరిగి వస్తుంటే వాగు పొంగి అడవిలోనే చిక్కుకుపోయారు. ఎన్‌డీఆర్‌ఎఫ్ వాళ్లు వచ్చి బయటికి తేవాల్సి వచ్చింది. పోయేటప్పుడు వాగు చిన్నగా ఉంటే ధైర్యం వస్తుంది. పైన ఎక్కడో గుట్టల్లో పడిన వాన కిందికి రావడానికి టైం పడుతుందన్న సంగతి ఆ ధైర్యంలో గుర్తుండదు. వానాకాలంలో ఈ దారి నిషేధంలో ఉందో లేదో ముందు ఫారెస్టు వాళ్లను అడగండి. వద్దంటే వద్దు. దొంగదారి చూపిస్తానని ఎవరైనా వంద రూపాయలు అడిగినా పోకండి.

మా ఫ్రెండ్ కర్రెగుట్టల మీదికి పోదామంటున్నాడు. ఏమంటారు?

పోకండి. ఛత్తీస్‌గఢ్ సరిహద్దులో ఉన్న ఆ గుట్టల్లో 2025 ఏప్రిల్, మే నెలల్లో భద్రతా బలగాలు పెద్ద ఆపరేషన్ చేశాయి. గుట్టల మీద మందుపాతరలు ఉన్నాయన్న హెచ్చరికలు అంతకుముందే వచ్చాయి. వార్తల్లో పేరు వినబడింది కాబట్టి చూసి రావాలనే సరదా మీ ఫ్రెండ్‌ది. వెంకటాపురం, వాజేడు వైపు ఏ గుట్టకైనా సరే, స్థానిక పోలీసులకు, ఫారెస్టు వాళ్లకు చెప్పకుండా అడుగు పెట్టొద్దు.

పర్మిషన్ కావాలా? ఎవరిని అడగాలి?

గుడి గుట్టలకు, ఊరి పక్క ఖిల్లాలకు అక్కర్లేదు. ఏటూరునాగారం 1950ల నుంచి అభయారణ్యం. కవ్వాల్ 2012లో టైగర్ రిజర్వ్ అయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోవడం నేరం. రోడ్డు మీద పోవడం వేరు, రోడ్డు దిగి అడవిలోకి నడవడం వేరు. దగ్గరి ఫారెస్టు రేంజ్ ఆఫీసుకు రెండు రోజుల ముందే పోయి, ఎంతమంది, ఏ తేదీ, ఎటువైపు అని కాగితం మీద రాసి అడగండి. ఫోన్లో "రండి చూద్దాం" అన్నదాన్ని అనుమతి అనుకుని ఒకసారి 90 కిలోమీటర్లు పోయి గేటు దగ్గర నుంచి వెనక్కి వచ్చాం. డ్రోన్ తీసుకుపోయే ఆలోచన ఉంటే దానికి విడిగా అడగాలి.

గ్రూపులో ఎంతమంది ఉంటే మంచిది?

నలుగురికి తగ్గొద్దు. ఒకరికి దెబ్బ తగిలితే పక్కన ఒకరు కూర్చోవాలి, మిగతా ఇద్దరు కలిసి కిందికి పోయి సాయం తేవాలి. ఆరుగురు, ఏడుగురు అయితే మాటలకు బాగుంటుంది. పదిమంది దాటితే అది నడక కాదు, బారాత్. ఫొటోలకే గంట పోతుంది, ఎవరు ఎక్కడున్నారో తెలియదు. తప్పదనుకుంటే రెండు గ్రూపులుగా విడగొట్టి, ఒక్కో దానికి ఒక్కో బాధ్యుణ్ని పెట్టండి. బండ్లు కూడా విడివిడిగా ఉంటే మంచిది.

నాకు షుగర్ ఉంది, వయసు 48. నేను రాగలనా?

రావచ్చు, మా గ్రూపులో ఇద్దరున్నారు. డాక్టర్‌ను అడిగి, మందు వేసుకుని, టిఫిన్ మానకుండా రండి. నడక వల్ల షుగర్ ఒక్కసారి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక మొదలైతే వెంటనే గ్లూకోజు గాని చక్కెర గాని నోట్లో పడాలి. అవి మీ జేబులోనే ఉండాలి, ఎవరి సంచిలోనో అడుగున కాదు. మీకు షుగర్ ఉందన్న సంగతి కనీసం ఇద్దరికి తెలిసుండాలి. గుండె జబ్బు ఉన్నా, మెట్లెక్కితే ఛాతీలో పట్టినట్టు అనిపించినా, డాక్టర్ సరే అనేదాకా గుట్ట జోలికి రావద్దు.

ఇంట్లో ఒప్పుకోవట్లేదు. అమ్మకు ఏం చెప్పాలి?

అబద్ధం మాత్రం చెప్పకండి. ఫ్రెండ్ ఇంటికి పోతున్నానని చెప్పి గుట్టకు వస్తే, ఏదైనా అయిన రోజు మిమ్మల్ని వెతికేవాళ్లు తప్పు ఊళ్లో వెతుకుతారు. ఒక కాగితం మీద గుట్ట పేరు, పక్క ఊరి పేరు, బండి నంబర్లు, వెంట ఉన్నవాళ్లలో ఇద్దరి ఫోన్ నంబర్లు, ఎన్ని గంటలకు కిందికి దిగి ఫోన్ చేస్తారో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. మా గ్రూపులో ఒక అమ్మాయి ఇలాగే చేసింది. మూడోసారికి వాళ్లమ్మే సర్వపిండి చేసి పంపింది.

## సంచి సర్దేటప్పుడు

నీళ్లు ఎన్ని మోసుకుపోవాలి?

చలికాలంలో సగం రోజు నడకకు మనిషికి రెండు లీటర్లు, పొద్దంతా అయితే మూడు. ఎవరి నీళ్లు వాళ్లే మోయాలి. ఒకడి సంచిలో ఐదు లీటర్ల క్యాను పెట్టి పంపితే, వాడు వెనకబడిన రోజు ముందున్నవాళ్ల గొంతు ఎండుతుంది. పొద్దున ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మంచిదే గాని, గడ్డకట్టిన సీసాలోంచి దాహమైనప్పుడు చుక్క రాదు. సగం నీళ్లు అయిపోయేసరికి తిరుగు దారిలో ఉండాలి.

ట్రెక్కింగ్ షూస్ కొనాలా? మామూలు స్పోర్ట్స్ షూస్ సరిపోవా?

సరిపోతాయి, అడుగున గాట్లు అరగకుండా ఉంటే. తిప్పి చూడండి, నున్నగా అయిపోయి ఉంటే బండ మీద జారడం ఖాయం. కొత్తవి కొంటే పది రోజులు ఊళ్లో తొడిగి తిరగండి, గుట్ట మీదే మొదటిసారి తొడిగితే మడమలు బొబ్బలు తేలతాయి. చెప్పులు, శాండల్స్ వద్దు. ముళ్లు ఉంటాయి, పాములూ ఉంటాయి. కాలిగోళ్లు ముందు రోజే కత్తిరించుకోండి, దిగేటప్పుడు వేళ్లు ముందుకు పొడుచుకుని గోళ్లు నల్లబడతాయి.

ఏ బట్టలు వేసుకోవాలి?

నిండు చేతుల పల్చటి చొక్కా, వదులు ప్యాంటు. జీన్స్ తడిస్తే బరువు, ఎండితే గరుకు. షార్ట్స్ వేసుకొచ్చినవాడికి దురదగొండి తగిలితే రెండు రోజులు నిద్ర ఉండదు. తలకు టోపీ కంటే తువ్వాల మేలు: ఎండకు కట్టుకోవచ్చు, చెమట తుడుచుకోవచ్చు, కాలు బెణికితే కట్టు కట్టొచ్చు. సెంటు కొట్టుకోకండి, తేనెటీగలకు అది నచ్చదు.

తినడానికి ఏం పట్టుకుపోతే పాడవకుండా ఉంటుంది?

సర్వపిండి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానబెట్టిన శనగపప్పు ఉంటాయి కాబట్టి ఒక ముక్క తింటే గంటన్నర నడుస్తారు. చల్లారినా బాగుంటుంది, చెయ్యి కడగకుండా కాగితంతో పట్టుకుని తినొచ్చు. ఏ కంపెనీ ఎనర్జీ బారూ దీని ముందు నిలవదని నా అభిప్రాయం, మా గ్రూపులో దీని మీద గొడవ జరుగుతూనే ఉంటుంది. పులిహోర, ఉడకబెట్టిన గుడ్లు, పల్లిపట్టి, అరటిపండ్లు కూడా మంచివే. పెరుగన్నం మధ్యాహ్నానికి పులుస్తుంది. బిర్యానీ పార్శిల్ తెచ్చినవాళ్లు అది తిన్నాక ఎక్కలేరు, నీళ్లన్నీ తాగేస్తారు.

గుడి గుట్టల మీద కోతులతో జాగ్రత్త. సంచి తెరిచి పెట్టి ఫొటో దిగేలోపు సగం ఖాళీ అవుతుంది. పాలిథిన్ కవర్ చప్పుడు వినబడితే చాలు, అవి వచ్చేస్తాయి.

మందుల డబ్బాలో ఏం పెట్టుకోవాలి?

క్రేప్ బ్యాండేజీ, గాజుగుడ్డ, ప్లాస్టర్, యాంటిసెప్టిక్, పారాసెటమాల్, నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ముల్లు తీసే చిమటా, దూది. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కలిపి తాగితే ఉప్పు మోతాదు ఎక్కువై మేలుకు బదులు కీడు చేస్తుంది. ఎవరికైనా ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ వాళ్ల జేబులో ఉండాలి. ఒక విజిల్ కూడా వేసుకోండి, ఇరవై రూపాయలది.

సిగ్నల్ ఉండదు కదా, ఫోన్‌తో ఏం లాభం?

మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. బండి ఆపిన చోటును గుర్తు పెట్టుకోండి. ఒక ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి సంచిలో పడేయండి, అది ఎమర్జెన్సీకి. మిగతావాటితో ఎన్ని రీల్స్ అయినా తీసుకోండి. సిగ్నల్ ఒక్క గీత ఉన్నప్పుడు కాల్ కలవకపోయినా మామూలు ఎస్‌ఎంఎస్ పోయే అవకాశం ఉంది. అన్నిటికంటే నమ్మకమైన మ్యాప్ మాత్రం అక్కడ మేకలు కాసే తాత. ఆయన్ను దారి అడిగేటప్పుడు "ఇటు పోవచ్చా?" అనకండి, మర్యాదకు "పోవచ్చు బిడ్డా" అంటారు. "నువ్వైతే ఎటు పోతవ్ తాతా?" అని అడగండి.

## నడుస్తున్నప్పుడు

ఎన్ని గంటలు పడుతుందో ముందే ఎలా లెక్కేయాలి?

విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో ఒక లెక్క చెప్పాడు: ఐదు కిలోమీటర్ల నడకకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. అది అలవాటున్నవాళ్లకు, ఆగకుండా నడిచేవాళ్లకు. మన లెక్కకు దాన్ని రెట్టింపు చేయండి. ముళ్లపొదలు తప్పించుకోవాలి, ఒకడికి దాహం, ఇంకొకడి లేసు ఊడుతుంది. దిగడానికి తక్కువ టైం చాలనుకుంటారు చాలామంది. బండ గుట్టల మీద దిగడానికి ఎక్కినంతా పడుతుంది, అలసిన మోకాళ్లతో ఇంకొంచెం ఎక్కువే. డిసెంబరులో సాయంత్రం ఐదు ముప్పావుకల్లా పొద్దు గూకుతుంది, చెట్ల కింద అంతకు ముందే మసక. నాలుగింటికల్లా కింద ఉండేట్టు వెనక నుంచి లెక్కేసుకోండి.

ఎవరు ముందు నడవాలి, ఎవరు వెనక?

దారి తెలిసినవాళ్లు ముందు. ఓపికున్నవాళ్లు చివర. అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లు ముందున్నవాళ్ల వెనకాలే, రెండో స్థానంలో. వాళ్ల వేగమే గ్రూపు వేగం.

ఇది మాకు ఊరికే తెలియలేదు. నాలుగేళ్ల కింద ఒక ఖిల్లా మీద ఏడుగురం ఉన్నాం. కాళ్లు చురుకున్న ముగ్గురం ముందుకు పోయాం, అందులో నేనూ ఉన్నాను. దారి రెండుగా చీలిన చోట ఆగలేదు, వెనకవాళ్లు మా గొంతులు విని వస్తారులే అనుకున్నాం. వాళ్లు రెండో దారి పట్టారు. రెండు గంటలు ఒకరినొకరు అరుచుకుంటూ తిరిగాం. కోట గోడల మధ్య అరుపు ఎటు నుంచి వస్తుందో తెలియదు, అటు వినబడి ఇటు పోతాం. ఆఖరికి అందరం చీకట్లో బండ్ల దగ్గర కలిశాం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ వెనకబడినవాళ్లలో ఒకడు వారం రోజులు నాతో మాట్లాడలేదు, వాడిదే న్యాయం. అప్పటి నుంచి దారి చీలిన ప్రతిచోటా చివరి మనిషి మొహం కనబడేదాకా నిలబడతాం. ఆగినప్పుడు ఇంకో సంగతి చూసుకోండి: ముందున్నవాళ్లు పది నిమిషాలు కూర్చుని, వెనకవాళ్లు రాగానే లేచి నడిస్తే, అందరికంటే అలసినవాళ్లకే రెస్ట్ దొరకదు. చివరి మనిషి వచ్చి నీళ్లు తాగాకే లేవాలి.

ఇంత దూరం వచ్చి పైదాకా ఎక్కకుండా ఎలా దిగిపోతాం?

కిందే, బండ్ల దగ్గరే, ఒక టైం అనుకోండి. ఉదాహరణకు పన్నెండున్నర. ఆ టైంకు ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి. అలారం పెట్టుకోండి. పైకి ఇంకా పావుగంటే ఉందనిపిస్తుంది, ఎప్పుడూ పావుగంటే ఉందనిపిస్తుంది. అక్కడ ఓట్లు పెడితే ఎక్కుదామన్నవాళ్లే గెలుస్తారు, ఎందుకంటే భయపడ్డవాడు నోరు విప్పడు. అందుకే మా దగ్గర రూల్ వేరు: ఒక్కరు "నేను దిగుతా" అన్నా అందరం దిగుతాం, ఎందుకని అడగం, తర్వాత కూడా ఆట పట్టించం. రామగిరి మీద మేం ఇలా రెండుసార్లు సగం నుంచి దిగాం. మూడోసారి ఎక్కాం.

బండ మీద జారకుండా ఎలా నడవాలి?

పాదం మొత్తం ఆనించండి, వేళ్ల మీద నడవకండి. భయం వేసినకొద్దీ ఒళ్లు బండకేసి వాలుస్తాం, అప్పుడే షూ జారుతుంది. నిటారుగా ఉండాలి. దిగేటప్పుడు మరీ వాలుగా ఉంటే కూర్చుని జరగండి, ప్యాంటు చిరిగితే చిరిగింది. చేత్తో గడ్డి పట్టుకుని బరువు వేయకండి. కదిలే రాయి మీద కాలు పడితే "రాయి!" అని గట్టిగా అరవాలి, కిందివాళ్లు పైకి చూడకుండా పక్కకు తప్పుకోవాలి.

ఎలుగుబంటి ఎదురైతే?

పాండవుల గుట్ట సొరికెల్లో, ములుగు అడవుల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి. తెల్లవారుజామున, మునిమాపున తిరుగుతాయి. ఇప్పపువ్వు రాలే మార్చి, ఏప్రిల్‌లో ఇప్పచెట్ల కింద ఎక్కువ. మామూలుగా మాట్లాడుకుంటూ నడిస్తే మన చప్పుడుకు అదే తప్పుకుంటుంది. హఠాత్తుగా ఎదురుపడితేనే ప్రమాదం. వెనక్కి తిరిగి పరుగెత్తకండి, అది మనకంటే వేగంగా ఉరుకుతుంది, చెట్టు కూడా ఎక్కుతుంది. అందరూ దగ్గరగా చేరి, దాని వైపే మొహం పెట్టి మెల్లగా వెనక్కి జరగండి. పిల్ల కనబడితే తల్లి దగ్గర్లోనే ఉన్నట్టు. గుహల్లోకి తల దూర్చి ఫొటో తీయకండి.

తేనెటీగలు లేస్తే?

నిజం చెప్పాలంటే ఎలుగుబంటి కంటే నాకు వీటికే భయం. నిటారు బండల కింద పెద్ద పెద్ద తేనెపట్టులు ఉంటాయి. దూరం నుంచి నల్లటి మరకలా కనబడతాయి. కనబడితే ఆ వైపు పోకండి, రాళ్లు వేయకండి, దగ్గర్లో సిగరెట్ గాని మంట గాని వద్దు. లేస్తే సామాను వదిలేసి, తువ్వాలతో మొహం కప్పుకుని ఉరకండి. ఒకటి రెండు వందల మీటర్లు పోయేదాకా ఆగకండి. ఉరికేటప్పుడు అంచు ఎటుందో చూసుకోవాలి. నీళ్లలో దూకితే అవి పైనే కాచుకుని ఉంటాయి. ముళ్లను గోటితోనో, ఏటీఎం కార్డుతోనో వెంటనే గీకేయండి. ఎక్కువ ముళ్లు దిగినా, పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఇంటి వైద్యం కాదు, ఆస్పత్రే.

బండ గుంతల్లో నిలిచిన నీళ్లు తాగొచ్చా?

వద్దు. చూడ్డానికి అద్దంలా ఉన్నా కోతులు, మేకలు అన్నీ తాగేవి అవే. ఈత కూడా వద్దు, లోతు తెలియదు, అంచు నాచు పట్టి ఉంటుంది. దిగినవాడు పైకి రాలేడు.

ఆడవాళ్లకు బాత్రూం సంగతేంటి? పీరియడ్స్ టైంలో రావచ్చా?

కింద ఊళ్లోనో పెట్రోల్ బంకులోనో ముందే పోయి రావడం అందరికీ అలవాటు కావాలి. గుట్ట మీద అవసరమైతే ఇద్దరు ఆడవాళ్లు కలిసి, దారికి, నీళ్లకు దూరంగా, పొదలో కర్రతో చప్పుడు చేసి పోవాలి. మిగతావాళ్లు అక్కడే ఆగాలి, ముందుకు పోకూడదు. బాత్రూం భయంతో నీళ్లు తాగడం మానేస్తారు చూడండి, అది అసలు ప్రమాదం. పీరియడ్స్ టైంలో ఒంట్లో బాగుంటే నిక్షేపంగా రావచ్చు. వాడిన ప్యాడ్లను కాగితంలో చుట్టి జిప్ కవర్లో వెనక్కి తెచ్చేయండి.

గుడి ఉన్న గుట్టలకు, జాతర గుట్టలకు పోతే ఏం చూసుకోవాలి?

ఊరివాళ్లు చెప్పులు విడిచే చోట మనమూ విడవాలి. మేడారం దగ్గర చిలకలగుట్టను మీ లిస్టులోంచి తీసేయండి. జాతరలో సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో పూజారులు అక్కడి నుంచే తెస్తారు. కోయలకు అది దేవత ఉన్న చోటు, మనం ఎక్కి ఫొటో దిగే గుట్ట కాదు. మంగపేట మండలం మల్లూరులో హేమాచల నరసింహస్వామి గుట్టకు నిరభ్యంతరంగా పోవచ్చు, చింతామణి జలధార కూడా చూడొచ్చు.

పైన కూర్చుని ఒక బీరు వేస్తే తప్పా?

కింద, ఇంటికి వచ్చాక. గుట్ట దిగడానికి కాళ్లు రెండూ మాట వినాలి. సీసా పగిలితే ఆ పెంకు మేకల కాపరి కాలికి గుచ్చుకుంటుంది.

## ఏదైనా జరిగితే

పాము కరిస్తే ఏం చేయాలి?

కరిచిన మనిషిని కూర్చోబెట్టండి, నడిపించకండి. ఉంగరాలు, కడియాలు, వాచీ తీసేయండి, వాపు వస్తుంది. కాలైనా చెయ్యైనా కర్ర ఆసరాతో కదలకుండా కట్టండి. తాడు బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం ఏవీ వద్దు. 108కి ఫోన్ చేసి, ఇద్దరు ముగ్గురు మోసుకుని రోడ్డుకు చేర్చండి. విరుగుడు ఇంజెక్షన్ ఒక్కటే మందు, అది నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేస్తుంది. కాబట్టి ఏ పాము అని వెతికి చంపే పని పెట్టుకోకండి. కట్లపాము కాటు నొప్పి లేకుండా కూడా ఉండొచ్చు. నొప్పి లేదని ఇంటికి పోవద్దు.

కాలు బెణికింది. షూ తీయాలా?

వెంటనే తీయకండి, తీశాక వాపు వస్తే మళ్లీ పట్టదు. లేసు కొంచెం వదులు చేసి, పైనుంచి క్రేప్ బ్యాండేజీ చుట్టి, అటొకరు ఇటొకరు భుజం ఇచ్చి దించండి. వాళ్ల సంచి మిగతావాళ్లు పంచుకోవాలి. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ఎముక విరిగిందనే అనుకుని మోసుకురండి.

ఎండదెబ్బ అని ఎలా తెలుస్తుంది?

తలనొప్పి, వాంతి వచ్చేట్టు ఉండటం, కాళ్లు పట్టేయడం మొదటి సూచనలు. నీడలో కూర్చోబెట్టి, ఓఆర్‌ఎస్ గుటక గుటకగా తాగిస్తే తేరుకుంటారు. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా అది ప్రాణం మీదికి వచ్చినట్టు. బట్టలు వదులు చేసి, ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పోసి విసరండి, 108 పిలవండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.

దారి తప్పాం అనిపిస్తే?

ఆగి కూర్చోండి. నీళ్లు తాగండి. చివరిసారి కచ్చితంగా తెలిసిన చోటు ఎంత దూరంలో ఉందో మాట్లాడుకోండి. పది నిమిషాల నడకే అయితే అందరూ కలిసి అక్కడికి వెనక్కి పోండి. ఒకణ్ని దారి వెతకమని పంపితే ఇద్దరు తప్పిపోయినట్టు. ఒర్రె పట్టుకుని దిగితే ఊరు వస్తుందని పెద్దలు చెప్పేది చదునైన అడవికి సరిపోతుంది, గుట్టల్లో అదే ఒర్రె హఠాత్తుగా నిలువు బండ అంచున ఆగిపోతుంది. చీకటి పడితే కదలకండి. విజిల్ మూడేసి సార్లు ఊదుతూ, ఎత్తైన చోట 112 ప్రయత్నించండి.

ఉరుములు మొదలైతే ఎక్కడ దాక్కోవాలి?

శిఖరం మీద, ఒంటరి చెట్టు కింద, ఇనుప రైలింగ్ పక్కన ఉండొద్దు. దిగడం మొదలుపెట్టండి. మధ్యలో దొరికిపోతే పల్లంలో, ఒకరికొకరు దూరంగా, పాదాలు దగ్గర పెట్టి గొంతుకూర్చోండి.

## దిగొచ్చాక

మరుసటి రోజు మెట్లు దిగలేకపోతున్నా. ఏమైనా అయిందా?

ఏం కాలేదు. తొడల ముందు కండరాలు దిగేటప్పుడు బ్రేకులా పనిచేస్తాయి, అలవాటు లేక నొప్పి పెడుతున్నాయి. రెండో రోజు ఇంకా ఎక్కువగా ఉంటుంది, నాలుగో రోజుకు పోతుంది. మెల్లగా నడవండి, మంచం ఎక్కకండి. ఒక మోకాలు మాత్రమే వాచితే డాక్టర్‌కు చూపించండి.

వారం తర్వాత జ్వరం వచ్చింది. గుట్టకు, దీనికి సంబంధం ఉందా?

ఉండొచ్చు. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి కనబడని పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది, కుట్టిన వారం పది రోజులకు జ్వరం. చంకలో, నడుము దగ్గర, తొడ మధ్య సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు ఉందేమో చూసుకోండి, నొప్పి ఉండదు కాబట్టి తెలియదు. ములుగు ఏజెన్సీ వైపు పోయి వస్తే మలేరియా కూడా అనుమానించాలి. డాక్టర్ అడగకపోయినా "ఫలానా రోజు అడవికి పోయొచ్చాను" అని మీరే చెప్పండి. తొందరగా తెలిస్తే రెండిటికీ మందులున్నాయి. ఇంటికి రాగానే బట్టలు వేడినీళ్లలో నానబెట్టి, సబ్బుతో స్నానం చేస్తే చాలావరకు తప్పుతుంది.

ఖర్చు ఎలా పంచుకోవాలి? ప్రతిసారీ ఎవరో ఒకరు ఇవ్వకుండా ఉండిపోతున్నారు.

డీజిల్, టికెట్లు, దారి చూపినవాళ్లకు ఇచ్చింది, చాయ్ ఖర్చు అన్నీ ఒకరే పెట్టి, ఆ రాత్రే లెక్క గ్రూపులో పెట్టాలి. తెల్లారితే ఎవరికీ గుర్తుండదు. కారు తెచ్చినవాళ్ల దగ్గర డీజిల్ వాటా తీసుకోకండి, బండి గీతలు పడేది వాళ్లదే. దారి చూపిన కుర్రాడితో మొత్తం ముందే మాట్లాడుకోండి, దిగాక బేరం ఆడకండి. మొన్నటి పాండవుల గుట్టకు ఇంకా ఇద్దరు ఇవ్వాలి, వాళ్లెవరో వాళ్లకు తెలుసు.